ఖాయిదా పుస్తకంలో నేను చేర్చిన వాక్యం

అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు దాటి కొంచెం ముందుకు పోతే, రోడ్డు వైపు మూడు పెద్ద అద్దాలున్న దుకాణం ఒకటి ఉండేది. కింద బట్టలు, మొదటి అంతస్తులో పింగాణీ సామాను, ఆ పైన తల వంచుకుని నడవాల్సినంత తక్కువ ఎత్తులో ఆఫీసు. ఆ ఆఫీసులో నేను పదిహేడేళ్ళు గుమాస్తాగా పనిచేశాను. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన రెండేళ్ళకు చేరాను. అప్పటికి అక్కడ కాగితాల పని చేసే ఆడమనిషిని నేనొక్కదాన్నే.

నన్ను తీసుకున్నది నా టైపింగు చూసి కాదు, నా ఉర్దూ చూసి. మా నాన్న పాత సర్కారులో గుమాస్తా. నేను మెట్రిక్ దాకా ఉర్దూలోనే చదివాను. దుకాణంలో పనివాళ్ళ కోసం ఒక నియమాల పుస్తకం ఉండేది. ఎన్ని గంటలకు రావాలి, సెలవు ఎవరిని అడగాలి, ప్లేటు పగిలితే ఎవరికి చెప్పాలి, అన్నీ అందులో ఉండేవి. పాత మున్షీ ఒకాయన ఉర్దూలో రాసిపెట్టి పోయాడు. అందరూ దాన్ని ఖాయిదా పుస్తకం అనేవాళ్ళు. కొత్త రాష్ట్రం వచ్చాక తనిఖీకి వచ్చే అధికారులు చాలామందికి ఉర్దూ రాదు. మా సేఠ్‌గారు ఆ పుస్తకాన్ని ఇంగ్లీషులోకీ తెలుగులోకీ మార్చే పని నాకిచ్చారు. ఆయనది మూడు తరాలుగా ఊళ్ళో వ్యాపారం చేస్తున్న కుటుంబం. తెలుగు మాలాగే మాట్లాడేవారు.

ఆరు నెలలు పట్టింది. అది పూర్తయ్యాక పుస్తకం నా బీరువాలో, తాళం నా కొంగు చివర. ఎవరికి ఏ సందేహం వచ్చినా నా బల్ల దగ్గరికి రావలసిందే. నాకంటే వయసులో పెద్దవాళ్ళు కూడా వచ్చి “అక్కా, జర ఖాయిదా ఏమంటదో చూడు” అని నిలబడేవాళ్ళు. నాకది చాలా ఇష్టంగా ఉండేది. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేం లేదు.

అందులో రోగం గురించి ఉన్నది రెండే రెండు వాక్యాలు. బీమారు పడినవాడు మూడు రోజులకు మించి రాకపోతే, అతని నౌకరీ ఉంచడం, తీసేయడం యజమాని మర్జీ. రాని రోజులకు జీతం లేదు. అంతే. అనువాదం చేస్తున్నప్పుడు నాకు అందులో తప్పేం కనబడలేదు. ఇంగ్లీషులో ఆ వాక్యం ఎంత చక్కగా కుదిరిందో అనుకుని మురిసిపోయాను కూడా.

చేరిన మూడో ఏడు నాకు టైఫాయిడ్ వచ్చింది.

మా ఇల్లు నాంపల్లి స్టేషనుకు దగ్గర్లో, ఒక సందులో రెండు గదులు. మా ఆయన రైల్వే పార్సిల్ ఆఫీసులో పనిచేసేవారు. ఆయనకు రోగం వస్తే సెలవుంది, రైల్వే దవాఖాన ఉంది, మందులున్నాయి. నా జ్వరం దిగకపోయేసరికి ఆయన తన సెలవు పెట్టి ఇంట్లో కూర్చుని నాకు జావ కాచి పోశారు. నాకు జ్వరమొస్తే ఆయనకు సెలవు దొరికింది గాని నాకు దొరకలేదు. మంచంలో పడుకుని, గిన్నె పట్టుకుని వచ్చే ఆ మనిషిని చూస్తే కృతజ్ఞత కలగాలి. నాకు కుళ్ళు పుట్టింది. ఆయన తీరిగ్గా కూర్చుని పేపరు చదువుతుంటే గోడవైపు తిరిగి పడుకునేదాన్ని.

నాలుగో రోజు దుకాణం మేనేజరు మా సందులోకి వచ్చాడు. గడప లోపలికి రాలేదు. “అమ్మా, నీ జాగల ఇంకొకరిని పెట్టమంటున్నరు. ఖాయిదా నీకే ఎరుక గదా,” అన్నాడు. తొమ్మిదో రోజున లేచి పోయాను. ఇంకా జ్వరం పూర్తిగా విడవలేదు. పోస్టాఫీసు మెట్ల మీద రెండుసార్లు కూర్చుని, మళ్ళీ లేచి నడిచాను. ఆఫీసులో హాజరు పట్టీ తెరిచి, నేను రాని రోజులకు ఎదురుగా నా చేత్తోనే గీతలు కొట్టుకున్నాను. తర్వాత నెలరోజులు జుట్టు పిడికిళ్ళ కొద్దీ ఊడింది. నెత్తి నిండా కొంగు కప్పుకుని కూర్చునేదాన్ని. అంతకుముందు నడుం దాకా ఉన్న జడ మళ్ళీ అట్లా పెరగనే లేదు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు నేను ఒక్కరోజు కూడా మానలేదు. అందరూ మెచ్చుకునేవాళ్ళు. అది భయం అని ఎవరికీ తెలియదు.

కొన్నేళ్ళకు మా ఆఫీసులో టైపిస్టుగా ఒక పిల్ల చేరింది, మెదక్ నుంచి. క్రైస్తవుల అమ్మాయి. మిషన్ స్కూల్లో చదివి, టైపింగులో రెండు పరీక్షలూ ప్యాసై, చాదర్‌ఘాట్‌లో మేనత్త ఇంట్లో ఉంటూ ఉద్యోగం వెతుక్కుంటూ మా దుకాణానికి వచ్చింది. ఇరవై రెండేళ్ళుంటాయేమో. నా ఎదుటి బల్ల మీద టైపు మిషను పెట్టించారు. ఆమె వేళ్ళు మిషను మీద ఆగకుండా నడిచేవి. ఇంగ్లీషు ఉత్తరాలు చెబుతూ సేఠ్‌గారు ఒక మాట కోసం తడుముకుంటే ఆ మాట తనే అందించేది. అంతకుముందు ఆయన తడుముకుంటే నావైపు చూసేవారు. ఆమె జడ కుర్చీ వెనక నుంచి కిందికి వేలాడేది. దాన్ని చూడకూడదని కుర్చీ కొంచెం పక్కకు జరుపుకున్నాను.

చెడ్డ పిల్ల కాదు. నన్ను అక్కా అనేది, మీరు అనేది. డబ్బాలో తెచ్చుకున్న కూర ముందు నాకు పెట్టేది. ఆమె చెడ్డదయితే నాకు కొంచెం తేలిగ్గా ఉండేదేమో.

కొంతకాలానికి రాష్ట్రమంతటికీ ఒకటే దుకాణాల చట్టం వచ్చింది. సేఠ్‌గారు నన్ను పిలిచి గెజెట్ కాగితాలు చేతిలో పెట్టారు. “గవర్నమెంటు ఖాయిదాలు మారినయంట. మన పుస్తకం దానికి సరిపోయేటట్టు జర చూసి రాయి. రేపు ఎవడన్నా తనిఖీకొస్తె మనకు మాట రావొద్దు,” అన్నారు.

ఆ మధ్యాహ్నం అన్నం డబ్బా తెరవకుండా చదివాను. రోగం వస్తే గాని, ఇంకేదైనా తగిన కారణం ఉంటే గాని, ఏడాదికి పన్నెండు రోజుల దాకా జీతంతో సెలవు. మూడు నాలుగుసార్లు చదివాను. యజమాని మర్జీ అన్న మాట ఎక్కడా లేదు. సంతోషం కలుగుతుందేమోనని కాసేపు ఎదురుచూశాను. కలగలేదు. గుండెల్లో మంట మొదలైంది. నేను పోస్టాఫీసు మెట్ల మీద కూలబడిన రోజున ఈ కాగితం ఎక్కడుంది? నిన్నగాక మొన్న వచ్చినవాళ్ళు కష్టమేమీ పడకుండానే దీన్ని అందుకుంటారు. తలెత్తి చూశాను. ఎదుటి బల్ల దగ్గర ఆ పిల్ల ఏదో పాట కూనిరాగం తీస్తూ టైపు కొడుతోంది.

నియమం రాశాను. చట్టంలో ఉన్నది ఉన్నట్టే రాశాను. దాని కింద నా సొంతంగా ఇంకో వాక్యం చేర్చాను. రోగం ఒక్కరోజుదైనా సరే, పెద్ద సర్కారు దవాఖాన డాక్టరు రాసిచ్చిన సర్టిఫికెట్టు, ఆ రోజే మధ్యాహ్నం పన్నెండు లోపల, సెలవు కావలసిన మనిషే స్వయంగా ఆఫీసుకు తెచ్చి ఇవ్వాలి. లేకపోతే ఆ రోజు జీతం ఉండదు.

సేఠ్‌గారు చదివి, “ఇది మంచిగ రాసినవ్. దొంగ రోగాలు బందైతయి,” అన్నారు. ఆయన మెచ్చుకుని చాలా రోజులైంది. ఆ మెప్పుతో బల్ల దగ్గరికి వచ్చి, నా చేతిరాత కాగితం ఆ పిల్ల ముందు పెట్టాను, స్టెన్సిల్ కొట్టమని. అచ్చుతప్పులు రాకుండా చూసుకోమని గెజెట్ కూడా పక్కన పెట్టాను. ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికి మిషను చప్పుడు ఆగింది. ఆమె తలెత్తి నావైపు చూసింది. నేను బీరువాలో ఏదో వెతుకుతున్నట్టు తిరిగాను. చప్పుడు మళ్ళీ మొదలైంది.

ఆ నియమం కింద మొదట సెలవు కావలసి వచ్చింది ఆమెకే.

వానాకాలం మొదట్లో రెండు రోజులు నీరసంగా ఉందంటూనే పని చేసింది. మూడో రోజు పొద్దున రాలేదు. పదకొండయింది, పన్నెండయింది. పన్నెండూ ఇరవైకి కింద బట్టల సెక్షనులో గొడవ వినిపించింది. దిగి చూస్తే మెట్ల మీద కూర్చుని ఉంది. కళ్ళు పసుపు ముద్దల్లా ఉన్నాయి. కామెర్లు. పొద్దున ఆరింటి నుంచి దవాఖానలో వరసలో నిలబడి, సర్టిఫికెట్టు రాయించుకుని, బస్సు దిగి నడిచి వచ్చిందట. ఎక్కలేక అక్కడే కూర్చుండిపోయింది. చేతిలో కాగితం చెమటకు మెత్తబడింది.

“లేటయింది అక్కా,” అంది. “మస్తు మంది ఉండిరి.”

కాగితం తీసుకున్నాను. పైకి పోయి, దాని మీద వచ్చిన వేళ రాశాను. పన్నెండూ ఇరవై. పట్టీలో ఆ రోజుకు గీత కొట్టాను. నేను తొమ్మిదో రోజున వచ్చినప్పుడు ఎవరు నీళ్ళిచ్చారు నాకు?

అప్పటికే కింద సేల్స్‌మెన్లు ఒకరు చెరుకు రసం తెచ్చారు, ఒకరు విసనకర్ర తెచ్చారు. సేఠ్‌గారు తన కారిచ్చి ఇంటికి పంపించారు. ఆయన కారులో మా ఆఫీసువాళ్ళెవరూ అంతకుముందు ఎక్కలేదు. నేను పై కిటికీలోంచి ఆ కారు చాదర్‌ఘాట్ వైపు తిరిగేదాకా చూశాను. నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో ఆమె కామెర్లు కూడా నాకు కావాలనిపించాయి.

వారం రోజులు దుకాణంలో ఆమె మాటే. ముల్లంగి ఒకరు పంపారు, నాటుమందు ఒకరు పంపారు. సెలవు దరఖాస్తు మీద సంతకం కావాలని నాకు నేనే ఒక సాకు కల్పించుకుని వాళ్ళింటికి పోయాను. మూసీ ఒడ్డుకు దగ్గర్లో చిన్న ఇల్లు. మేనత్త నన్ను చూడగానే కుర్చీ తుడిచి వేసింది.

“మీరేనా అమ్మా ఖాయిదా రాసింది? మా పిల్ల ఇంటికొచ్చి మస్తు చెప్పింది. జీతం గూడ ఇస్తరంట గదా, పండుకొని ఉన్నా. మా కాలంల ఏడున్నయమ్మా గిసొంటివి! మీ కడుపు సల్లగుండ,” అంది.

ఆ పిల్ల గోడకానుకుని కూర్చుని నన్నే చూస్తోంది. సంతకం పెట్టి కాగితం ఇచ్చింది. మేనత్త ఇచ్చిన మజ్జిగ తాగలేక తాగి వచ్చేశాను.

ఆమె మళ్ళీ పనిలోకి వచ్చిన మూడో రోజో నాలుగో రోజో షాపుల ఇన్‌స్పెక్టరు తనిఖీకి వచ్చాడు. గుంటూరు వైపు మనిషి, సన్నగా, మెత్తగా మాట్లాడేవాడు. పట్టీలు చూశాడు, పని గంటలు చూశాడు, ఖాయిదా పుస్తకం అడిగాడు. నేను తాళం తీసి ఇచ్చాను. నెమ్మదిగా చదువుకుంటూ పోయి ఒకచోట వేలు పెట్టాడు.

“ఇదెక్కడిదండీ? పన్నెండు లోపల రోగిష్టి మనిషే స్వయంగా వచ్చి సర్టిఫికెట్టు ఇవ్వాలా? చట్టంలో ఎక్కడుందో చూపించండి.”

సేఠ్‌గారు నావైపు తిరిగారు. “ఏందమ్మా ఇది?”

మెచ్చుకున్న మనిషే. మొదటిసారి చూస్తున్నట్టు అడిగారు. నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: “టైపులో ఏమన్న పొరపాటయిందేమో సార్.”

ఆ మాట అంటున్నప్పుడే నాకు తెలుసు, అంతకంటే నీచం ఇంకొకటి ఉండదని. గదిలో టైపు చేసే మనిషి ఒక్కతే. ఇన్‌స్పెక్టరు ఆమెను చూశాడు. ఆమె మొహంలో ఇంకా పసుపు పూర్తిగా పోలేదు.

“కాయితం చూసి చెప్త సార్,” అని లేచింది. ఫైళ్ళ అరలోంచి నా చేతిరాత కాగితం తీసింది. దాన్ని ఇన్‌స్పెక్టరుకు ఇవ్వలేదు. సేఠ్‌గారికీ ఇవ్వలేదు. తెచ్చి నా చేతిలో పెట్టి, తన కుర్చీలో కూర్చుంది.

ఆ కాగితం నా చేతిలో ఎంతసేపు ఉందో చెప్పలేను. కింద ఎవరో గుడ్డ చింపుతున్న చప్పుడు వినిపించింది. ఆమె ఆ కాగితాన్ని వాళ్ళ ముందు పెట్టి ఉంటే నేను ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవడానికి చూసేదాన్నేమో. నా చేతికే ఇచ్చేసరికి దారి లేకపోయింది.

“నేనే రాసిన సార్. టైపుల తప్పు లేదు,” అన్నాను.

“ఎందుకు రాశారమ్మా?”

“దొంగ సెలవులు పెడ్తరని.”

అతను నా మొహంలోకి కాసేపు చూశాడు. నమ్మాడో లేదో తెలియదు. “చట్టం ఇచ్చినదానికంటే మీరు ఎక్కువ ఇవ్వండి, ఎవరూ కాదనరు. ఇచ్చినదాన్ని మీరు కోసేస్తే ఎట్లా? ఇది కొట్టేయండి. ఎవరికైనా దీనివల్ల సెలవు పోయి ఉంటే సరిచేయండి,” అన్నాడు. పట్టీలో నేను కొట్టిన గీత అతనికి కనబడనే కనబడింది. నా చేత్తోనే దాన్ని దిద్దించాడు.

అతను వెళ్ళిపోయాక సేఠ్‌గారు నావైపు చూడకుండానే, “ఇయ్యాల్టి సంది ఖాయిదా పుస్తకం ఆ పిల్ల చూస్కుంటది. తాళం ఆమెకియ్యి,” అన్నారు. కొంగు ముడి విప్పడం ఎప్పుడూ అంత కష్టం కాలేదు. ఆమె తాళం అందుకుని సొరుగులో వేసుకుంది. నా మీద జాలి చూపించి ఉంటే భరించలేకపోయేదాన్ని. చూపించలేదు.

సాయంత్రం నేను నాంపల్లి వైపు నడుస్తుంటే వెనక నుంచి వచ్చి నాతో కలిసింది. ఆమె దారి అటు కాదు.

“నాకు తెల్సు అక్కా. టైపు కొట్టినప్పుడే తెల్సు. గెజెట్ నా పక్కనే ఉండె గదా,” అంది.

“మరి అప్పుడే చెప్పకపోతివి.”

“కొత్తదాన్ని. మీరు పెద్దవాళ్ళు. ఏమన్న కారణం ఉన్నదేమో అనుకున్న.” కొంతదూరం నడిచాక నావైపు తిరిగింది. “దవాఖానల వరసల నిలవడ్డప్పుడు మాత్రం నిన్ను మస్తు తిట్టుకున్న. నా మీద నీకెందుకు గంత కోపం? నేనేం జేసిన?”

ఎప్పుడూ మీరు అనే పిల్ల అప్పుడు నువ్వు అంది. రోడ్డు పక్కన ఆగిపోయాను. రిక్షాలు పక్కనుంచి పోతున్నాయి. ఎవరికీ చెప్పనిది ఆమెకు చెప్పాను. టైఫాయిడ్, గడప బయట మేనేజరు, తొమ్మిదో రోజు, ఊడిపోయిన జుట్టు. చెబుతూ చెబుతూ ఏడ్చాను. విని అయ్యో అంటుందనీ నా చెయ్యి పట్టుకుంటుందనీ అనుకున్నాను.

“అది నేను జెయ్యలే గదా అక్కా,” అంది.

కోపంగా కాదు. ఒక లెక్క సరిగ్గా ఉందో లేదో చూసుకున్నట్టు అంది. నేను ఔ అన్నాను. ఆమె వెనక్కి తిరిగి చాదర్‌ఘాట్ బస్సు కోసం పోయింది.

ఆ తర్వాత నాకు బుద్ధి వచ్చి మనసు కడిగేసుకున్నానని రాస్తే అబద్ధం. పుస్తకం ఆమె బల్ల మీద ఉన్నంతకాలం దానివైపు చూస్తే నాకు లోపల పొడుచుకునేది. ఆమె ఆ పనిని నాకంటే బాగా చేసింది. అది ఇంకా కష్టం. చట్టంలో మార్పులేమైనా వచ్చాయా అని ఏటేటా ఇన్‌స్పెక్టరు ఆఫీసుకు పోయి కనుక్కుని వచ్చేది. ఆదివారం పూట అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత లా పుస్తకాలు వెతికి కొనేది. తెలుగు నియమాలను పెద్ద అక్షరాలతో రాయించి, చదువు రానివాళ్ళకు వినిపించి, కింద మెట్ల దగ్గర గోడకు పెట్టించింది. నా బీరువాలో తాళం వేసి ఉన్న పుస్తకాన్ని ఆమె గోడకెక్కించింది. అది నాకెప్పుడూ తోచలేదు.

పాత పనివాళ్ళు ఎప్పుడు చేరారో తేల్చాలంటే ఉర్దూ చిట్టాలు చదవాలి. దానికి మాత్రం నా దగ్గరికి వచ్చేది. కుర్చీ దగ్గరగా లాక్కుని, “గిదేం మాట అక్కా?” అని అడిగేది. నేను చదివి చెప్పేదాన్ని. ఒక్కొక్కసారి కావాలనే ఆలస్యం చేసేదాన్ని. ఆమెకు తెలిసేది. ఓపిగ్గా కూర్చునేది. అట్లా కూర్చుని కూర్చుని మేం స్నేహితులమయ్యామనే చెప్పాలి. మళ్ళీ మీరు అనడం మాత్రం ఆమె మొదలుపెట్టలేదు.

నాలుగేళ్ళకు ఆమెకు పెళ్ళి కుదిరి, సికింద్రాబాదులో ఒక ఫ్యాక్టరీలో ఇంతకంటే మంచి ఉద్యోగం దొరికింది. అక్కడ కూడా ఇదే పనట. పోయే ముందు వారంలో ఒకరోజు నేను పొద్దున లేచి, చీర కట్టుకుని, డబ్బా కట్టుకుని బయల్దేరి, పోస్టాఫీసు వైపు తిరగకుండా పబ్లిక్ గార్డెన్స్‌లోకి పోయాను. ఒంట్లో ఏమీ లేదు. పదకొండేళ్ళ తర్వాత మానిన మొదటి రోజది. ఒక బెంచీ మీద కూర్చున్నాను. పని రోజున పదకొండు గంటలకు ఎండ ఎట్లా ఉంటుందో నాకు తెలియదు. తోటమాలి గడ్డికి నీళ్ళు పెడుతున్నాడు. ఎవరో ఆడవాళ్ళు పిల్లల్ని తెచ్చుకుని, తీరిగ్గా, ఏ గంటా పట్టనట్టు కబుర్లు చెప్పుకుంటున్నారు. వాళ్ళను చూసి కొంచెం కుళ్ళుకున్నాను. తర్వాత డబ్బా తెరిచి, అన్నం తిని, చెప్పులు విప్పి కాళ్ళు బెంచీ మీదికి ముడుచుకుని, నాలుగింటిదాకా కూర్చున్నాను.